శోధనయంత్రానుకూలత చరిత్ర: ప్రమాణాల పరిణామం – తెలుగు పాఠ్యం

వ్యాససంగ్రహం:
వ్యాపారులు, వృత్తినిపుణులు తమ వెబ్ పుటలు శోధన ఫలితాలలో ముందు వరుసలో కనిపించేలా తీర్చిదిద్దుకొనే పనిని ‘సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్’ అంటారు. ఒక పుట విలువకు ఏది ప్రమాణం అన్న ప్రశ్నకు వివిధ కాలాలలో వచ్చిన సమాధానాల చరిత్రగా ఈ వ్యాసం దానిని పరిశీలిస్తుంది. ఆ ప్రమాణాలు వర్తించాలంటే ముందుగా పాఠ్యాన్ని యంత్రం చదవగలగాలి. ఈ నియమం తెలుగు విషయంలో ఎంత నిర్ణాయకమైందో వివరిస్తుంది.

కీలకపదాలు: శోధనయంత్రం, సూచిక, పేజ్‌ర్యాంక్, ఫాంటు, యూనికోడ్, తెలుగు పాఠ్యం.

1. ఉపోద్ఘాతం:
గ్రంథాలయంలో పుస్తకం ఉండటం వేరు, సూచికలో దాని పేరు ఉండటం వేరు. సూచికకు ఎక్కని పుస్తకం బీరువాలో ఉన్నా పాఠకునికి లేనట్లే. అంతర్జాలానికీ ఇదే వర్తిస్తుంది. అయితే గ్రంథాలయ సూచికను గ్రంథపాలకుడు తయారుచేస్తాడు. వెబ్ సూచికను యంత్రం తనంతట తానే తయారుచేసుకొంటుంది. యంత్రం పాటించే నియమాన్ని ఊహించి, పుటను దానికి అనుగుణంగా మలచుకొనే అవకాశం పుట యజమానికి ఉంటుంది. శోధనానుకూలత అనే వృత్తి ఈ అవకాశం నుండే పుట్టింది.

2. పుట చెప్పుకొన్న సాక్ష్యం:
1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘ఆర్చీ’ ఫైళ్ల పేర్లను మాత్రమే వెదికేది. 1994లో వచ్చిన ‘వెబ్‌క్రాలర్’ పుటలోని పూర్తి పాఠ్యాన్ని సూచికకు ఎక్కించింది. 1995లో ‘ఆల్టావిస్టా’ ఈ పద్ధతిని భారీస్థాయికి తీసుకొనిపోయింది. ఈ దశలో ప్రధాన ప్రమాణం పుటలోని పదాలే. పుట శీర్షిక, పదాల పునరుక్తి, పాఠకునికి కనిపించకుండా పుట మూలంలో రాసే కీలకపదాల పట్టిక అందుకు ఆధారాలు.

తన గురించి తాను చెప్పుకొనే సాక్ష్యం సులభంగా కల్తీ అవుతుంది. పుటకు సంబంధం లేని పదాలను పట్టికలో నింపడం, తెల్లని నేలపై తెల్లని అక్షరాలతో ఒకే పదాన్ని పదేపదే రాయడం వంటి పద్ధతులు వ్యాపించాయి. తమ వెబ్ శోధనలో స్థాననిర్ణయానికి కీలకపదాల పట్టికను పరిగణించడం లేదని గూగుల్ 2009లో బహిరంగంగా ప్రకటించింది.

3. ఇతరులు చెప్పిన సాక్ష్యం:
స్టాన్‌ఫర్డ్ పరిశోధకవిద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ప్రకటించిన పరిశోధనపత్రం మరో ప్రమాణాన్ని ముందుకు తెచ్చింది. ఒక పుటకు ఇతర పుటలు ఇచ్చే లంకెలను ‘పేజ్‌ర్యాంక్’ గణిస్తుంది. అది కేవలం లంకెల సంఖ్యను చూడదు. లంకె ఇచ్చిన పుటకున్న విలువను కూడా లెక్కలోకి తీసుకొంటుంది. ఈ భావన విద్యారంగానికి కొత్తది కాదు. విజ్ఞానశాస్త్ర వ్యాసాలకు ఉల్లేఖన సూచిక ఉండాలని యూజీన్ గార్ఫీల్డ్ 1955లోనే ప్రతిపాదించాడు.

లంకెకు విలువ ఏర్పడగానే దానికి బజారు కూడా ఏర్పడింది. లంకెల కొనుగోలు, పరస్పర లంకెల కోసమే నడిచే పుటల సమూహాలు పుట్టుకొచ్చాయి. లంకెను స్థాననిర్ణయంలో లెక్కించవద్దని యంత్రానికి తెలిపే ‘నోఫాలో’ గుర్తును ప్రధాన శోధనసంస్థలు 2005లో ఆమోదించాయి. గూగుల్ 2011లో ‘పాండా’ మార్పుతో నాసిరకం పాఠ్యాన్ని, 2012లో ‘పెంగ్విన్’ మార్పుతో కృత్రిమ లంకెలను వెనక్కి నెట్టింది. పరిశోధనరంగంలో ఉల్లేఖనల సంఖ్యే లక్ష్యమైనప్పుడు తలెత్తే వికృతికి ఇది సమాంతరం.

4. తెలుగు పాఠ్యం – చదవదగిన స్థితి:
పై రెండు దశలలోనూ యంత్రం పాఠ్యాన్ని చదవగలదన్నది ముందే అంగీకరించిన విషయం. తెలుగుకు ఆ స్థితి చాలాకాలం లేదు. యూనికోడ్ తొలి రూపంలోనే, 1991లో, తెలుగుకు 128 స్థానాల విభాగం ఏర్పడింది. సాధారణ కంప్యూటర్లలో దాని వాడకం మాత్రం ‘విండోస్ ఎక్స్‌పీ’ వంటి వ్యవస్థలు వచ్చాకే సుగమమైంది. ఈలోగా అంతర్జాలంలోకి వచ్చిన తెలుగు పత్రికలలో పలు సొంత ఫాంట్లను ఆశ్రయించాయి.

ఈ ఫాంట్లలో తలకట్టు, గుడి, కొమ్ము వంటి అక్షరభాగాల బొమ్మలను ఆంగ్లాక్షరాలకు, ఇతర గుర్తులకు కేటాయించిన స్థానాలలో అమర్చేవారు. పాఠకునికి తెరపై తెలుగు కనిపించేది. యంత్రం సూచికలో మాత్రం అర్థంలేని లాటిన్ గుర్తుల వరుస నమోదయ్యేది. రెండు పత్రికలు రెండు ఫాంట్లు వాడితే ఒకే తెలుగు మాట రెండు వేర్వేరు గుర్తుల వరుసలుగా నిలిచేది. యూనికోడ్‌లో వెదికినవారికి ఆ రెండూ దొరికేవి కావు. శీర్షిక ఎంత స్పష్టంగా ఉన్నా, లంకెలు ఎన్ని ఉన్నా ఈ లోపం తీరేది కాదు.

యూనికోడ్ వచ్చాక కూడా కొన్ని చిక్కులు మిగిలాయి. ‘హైదరాబాదు’, ‘హైదరాబాద్’, ‘హైదరాబాదులో’ అన్నవి పదాన్ని యథాతథంగా పోల్చే యంత్రానికి మూడు వేర్వేరు పదాలు. ‘దంతవైద్య నిపుణులు’ అని మాత్రమే రాసుకొన్న పుట, ‘పళ్ల డాక్టరు’ అని వెదికే రోగికి అటువంటి యంత్రం ద్వారా చేరదు. పదాల వెనుక ఉన్న అర్థాన్ని గ్రహించే పద్ధతులు తరువాత వచ్చినా, ప్రజలు వాడే మాట పుటలో ఉండాలన్న తొలి సూత్రం విలువ కోల్పోలేదు.

5. ముగింపు:
• శోధనయంత్రాలు పుట స్వీయసాక్ష్యం నుండి ఇతరుల సాక్ష్యానికి, అక్కడి నుండి పాఠ్యం నాణ్యతకు తమ ప్రమాణాలను విస్తరించాయి. ప్రతి ప్రమాణమూ వెల్లడైన వెంటనే దుర్వినియోగానికి గురైంది. ఆ దుర్వినియోగమే తరువాతి మార్పుకు కారణమైంది.
• వృత్తినిపుణులకు నిలకడగా ఉపకరించినవి మూడు: యంత్రం చదవగల పాఠ్యం, విషయాన్ని సూటిగా తెలిపే శీర్షిక, పాఠకులు వాడే భాష.
• సొంత ఫాంట్ల కాలంలో వెలువడి యూనికోడ్‌లోకి మారని తెలుగు రచనలు సాధారణ శోధనకు అందవు. కనుక శోధనలో దొరకలేదన్న కారణంతో ఆ కాలంలో ఒక విషయంపై తెలుగులో చర్చ జరగలేదని తీర్మానించడం పరిశోధనలో పెద్ద పొరపాటు అవుతుంది. ఆ పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చడం సాంకేతిక అవసరం మాత్రమే కాదు, చరిత్ర ఆధారాలను కాపాడుకోవడం కూడా.