నిమ్మకాయలో రక్తం, బార్డర్ అవతల చట్టం

1995లో క్లైవ్ బార్కర్ తీసిన 'లార్డ్ ఆఫ్ ఇల్యూజన్స్' అనే హారర్ సినిమా ఉంది. అందులో స్వాన్ అనే స్టేజ్ మెజీషియన్‌కి నిజంగానే మంత్రాలు వచ్చు. కానీ జనం ముందు అదంతా ట్రిక్కే అన్నట్టు నటిస్తాడు. హ్యారీ డామోర్ అనే డిటెక్టివ్ ఆ గుట్టు లాగుతాడు.

మన దగ్గర సీన్ రివర్స్. చేసేది ట్రిక్కు, చెప్పేది మంత్రం. మాది హాలహర్వి. నిమ్మకాయ కోస్తే రక్తం కారడం చిన్నప్పుడు నేనూ నోరు తెరుచుకుని చూశా. కత్తికి ముందే మందార పువ్వు రుద్ది ఉంచుతారు, నిమ్మ పులుపు తగలగానే ఎర్రబడుతుంది, అంతే. దిష్టి తీసే ఎర్రనీళ్లూ పసుపు, సున్నమే కదా! (మా అమ్మ ఈ ఎపిసోడ్ చూడకపోతే బాగుండు.)

అక్కడితో ఆగితే సరదానే. 'నీకు చేతబడి చేసింది ఫలానా ముసలామె' అని వేలు చూపిస్తేనే ప్రాణం మీదికొస్తుంది. ఆ అనుమానంతో తెలుగు రాష్ట్రాల్లో మనుషుల్నే చంపేశారు.

ఇలాంటి మోసాలపై చట్టం కావాలని ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే మహారాష్ట్ర చట్టం తెచ్చింది. 2017లో కర్ణాటక కూడా చేసింది. అంటే మా ఊరి నుంచి బళ్ళారి వైపు బార్డర్ దాటితే ఆ చట్టం ఉంది. ఇటుపక్క ప్రత్యేక చట్టం లేదు, కొట్టినందుకో మోసం చేసినందుకో మామూలు సెక్షన్ల కిందే కేసు పెట్టాలి.