వలిసె పూత, కాఫీ పూత: మన్యం తేనెటీగ నేర్చిన వాసనలు

ఏ పూవులో ఎంత తీపి ఉందో తేనెటీగ పుట్టుకతో ఎరగదు. వాలి, తాగి చూసి, ఆ పూల వాసనను ఆ రుచితో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండల్లో అది నేర్చుకోవాల్సిన వాసనలు నూరేళ్ల పైచిలుకులో మారిపోయాయి. వాటిని మార్చింది సేద్యం.

ఈ నేర్పును మొదట శాస్త్రీయంగా పరీక్షించినవారిలో కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒకరు. ఆయన పరిశోధన 1919లో అచ్చయింది. 1961లో జపాన్ శాస్త్రవేత్త టకెడా దాన్ని మరింత దగ్గరగా చూపించారు. ఈగ మీసాలకు చక్కెర నీరు తగిలితే నాలుక బయటికి చాస్తుంది. ఒక వాసన చూపిన వెంటనే చక్కెర నీరు అందిస్తూ పోతే, కొద్దిసార్లకే వాసన ఒక్కటి తగిలినా నాలుక చాస్తుంది. పట్టులో ఒకదాని నోటి మకరందం మరొకటి అందుకుంటుంది కనుక, గడప దాటని ఈగకూ పూల వాసన ముందే తెలుస్తుంది.

కొండవాలు పొలాల్లో నూనెగింజ పంటగా వేసే వలిసె నవంబరు, డిసెంబరు నెలల్లో పసుపు పరిచినట్టు పూస్తుంది. దాని పుప్పొడి అదే మొక్క మీద పడితే గింజ సరిగా కట్టదు. నేర్చిన వాసననే పట్టుకుని పూవు నుంచి పూవుకు తిరిగే ఈగ వల్లే పంట పండుతుంది.

కాఫీ తర్వాత వచ్చింది. 1898లో తూర్పు గోదావరి పాములేరు లోయలో నాటారు. తర్వాత అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. 1960 దాటాక అటవీ శాఖ పెద్ద ఎత్తున వేసింది. ఆపైన సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల నడుమ గిరిజన రైతుల సొంత తోటలు పెరిగాయి. మార్చి, ఏప్రిల్ జల్లులు పడ్డ పది రోజులకు కొమ్మలన్నీ తెల్లబడి మల్లె వాసన వేస్తాయి. ఆ పూలు కొద్ది రోజుల్లోనే వాడిపోతాయి కనుక ఈగ త్వరగా నేర్చుకోవాలి. ఇందుకు మొక్కే సాయం చేస్తుంది: కాఫీ మకరందంలో కొద్దిగా కెఫీన్ ఉంటుంది. అంత మోతాదు కెఫీన్ కలిపిన తీపి తాగిన ఈగల్లో, మర్నాటికి వాసన గుర్తున్నవి మూడింతలని 2013లో ప్రచురించిన ప్రయోగం తేల్చింది.

1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొండ తేనెను కొని అమ్ముతోంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వలిసె పూత నాడు పిండిన తేనెకూ, వేసవి తేనెకూ రుచి ఒకటి కాదు. ఆ రుతువులో ఈగ ఏ వాసన వెంట తిరిగిందో ఆ రుచే పట్టులో చేరుతుంది.