అంతర్జాలమునకు ఓనమాలు

1935వ సంవత్సరమున పాతూరి నాగభూషణముగారు తెనాలి ప్రాంతపు కాలువపై ఒక పడవలో గ్రంథాలయము నడిపించిరి. కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ ఆ పడవ తిరిగెడిది. చదువరి పుస్తకమును వెదకికొని పోనక్కఱలేక పుస్తకమే చదువరి కడకు వచ్చినది. వచ్చినది తెలుగు లిపిలో వచ్చినది. ఈ రెండవ సంగతి అప్పు డెవరికిని విశేషముగా తోచియుండదు. ఇంచుమించు డెబ్బది యేండ్ల పిమ్మట అంతర్జాలమను మఱియొక గ్రంథభాండారము మన తాలూకాలకు వచ్చినప్పుడుగాని దాని విలువ మనకు బోధపడలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె అప్పటికి గుంటూరు జిల్లాలోనివే. ఆ పట్టణములలో క్రొత్తగా ఆ వాకిట నిలిచినవారికి దారి చూపిన సాధనము లెవ్వి, అవి యెవరిని లోనికి రానిచ్చినవి, ఎవరిని గడప కవతల నిలిపినవి యనుదానిని ఇచట ముచ్చటించెదము.

క్రొత్తవారికి మార్గదర్శకములు లోకమున లేకపోలేదు. 1992లోనే అమెరికాయందు బ్రెండన్ కీహో ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ ది ఇంటర్నెట్’ అను చిన్న పొత్తమును, ఎడ్ క్రోల్ ‘ది హోల్ ఇంటర్నెట్’ అను పెద్ద గ్రంథమును ప్రకటించిరి. మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున 1990లో పుట్టిన ఆర్చీ, దూరపు యంత్రములలో ఏ దస్త్ర మెక్కడ నున్నదో వెదకి చెప్పెడిది. మరుసటి యేట మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు గోఫర్ అనుదానిని చేసిరి. హోటలులో ఫలహారముల పట్టీవలె దానిలో అంశములు ఒకదాని క్రింద నొకటి కనబడును. కోరినదానిని ఎన్నుకొన్న లోపలి పట్టీ తెఱచుకొనును. 1993లో మొజాయిక్ వచ్చి బొమ్మను, అక్షరమును ఒక్క పుటలోనే చూపుటతో గోఫర్ వెనుకబడెను. ఇవి యన్నియు మంచి సాధనములే. కాని చదువరికి ఇంగ్లీషు వచ్చునని వీనిలో ప్రతిదియు అడుగకయే అనుకొన్నది.

మన దేశమున విదేశ సంచార నిగమ్ వారు 1995 ఆగష్టు 15న సామాన్యులకు ఈ సేవ నారంభించిరి. అది తొలుత మద్రాసు, బొంబాయివంటి మహానగరములకే. మన పట్టణములలోని చందాదారు డెవడైన నున్నచో దూరపు నగరమునకు ఫోను చేసి, నిమిషములు లెక్కించుకొనుచు కూర్చుండవలసినదే. 1998 నవంబరులో ఖాసగీ సంస్థలకు అనుమతి లభించిన పిమ్మట ధరలు దిగినవి. 2000 దాటునప్పటికి చిన్న పట్టణములలో గూడ ఇంటర్నెట్ కేంద్రములను బోర్డులు వేలాడదొడగినవి.

తెలుగువానికి పనికివచ్చు తొలి సాధనము మాత్రము ఇక్కడ పుట్టలేదు. టెక్సాస్ రాష్ట్రమున హూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున పుట్టినది. (రైస్ అనగానే మన డెల్టావారు బియ్యము తలచెదరుగాని, అది ఆ విద్యాలయ స్థాపకుడైన దాత యింటిపేరు.) 1990 తరువాతి తొలి సంవత్సరములలో అచట కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అను నిరువురు, ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయుటకు ఒక కట్టుబాటు నేర్పఱచిరి. దానికే ఆర్.టి.ఎస్. అని పేరు. అట్లు వ్రాసినదానిని తెలుగు లిపిలోనికి మార్చుటకు రిట్ అను క్రమణిక యుండెను. పద్ధతి మిక్కిలి సులభము. కొన్ని దీర్ఘములకు అచ్చును రెండుమార్లు వ్రాయవచ్చును. చిన్న టీ అక్షరము తకారము, పెద్ద టీ అక్షరము టకారము. ఎన్, ఎల్ అక్షరములకును ఇదే మర్యాద. పెద్ద అక్షరము మఱచిన ‘పాట’ ‘పాత’ యగును, ‘కళ’ ‘కల’ యగును. పదము నడుమ పెద్ద అక్షరములు లేచి నిలుచుట చూచి, ఇది తెలుగు గాదు, ఇంగ్లీషును గాదని హేళన చేసినవారు కలరు. మేము హేళన చేయము. తెర తెలుగు నెఱుగని దినములలో సముద్రముల కావలనున్న తెలుగువారు తమ భాషలోనే మాటలాడుకొనగలిగిరన్న అది ఈ కట్టుబాటు చలువయే. దాని లోప మొక్కటే: ఇంగ్లీషు అక్షరములు రానివారి కది యేమియు చేయజాలదు.

ఆ లోప మెంతటిదో మేము రేపల్లెలో కన్నులార చూచితిమి. మా యెఱుకలో నొక గృహిణి యుండెను. ఆమె పెట్టెలో నవలలు, పురాణములు, మాసపత్రికలు నిండియుండెడివి. ఊరి స్త్రీలకు చదివి వినిపించునదియు ఆమెయే. కుమారుడు అమెరికాకు పోయిన పిమ్మట తపాలా జాబులు తగ్గి, హాట్‌మెయిల్ జాబులు రాసాగినవి. ఆ జాబులు తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరములు. ఆమె కేంద్రమునకు పోయి చెక్కతడిక ప్రక్కన కుర్చీలో కూర్చుండెడిది. దుకాణపు కుఱ్ఱవాడు జాబు బిగ్గరగా చదివెడివాడు. కోడలి యారోగ్యము, ఇంటి యప్పు, అన్నదమ్ముల మాటపట్టింపు, సమస్తమును పరీక్షాఫలితములకై వచ్చిన పదిమంది పిల్లలు వినెడివారు. చదువురాని తల్లులకు తపాలాబంట్రోతు జాబు చదివిపెట్టిన కాలము గడచినదని సంతోషించిన మనమే, చదువు వచ్చిన తల్లిని మరల ఆ స్థితికి తెచ్చితిమి. ఒకమారు ఆమె, మనుమరాలి పాట వినవలెనని వ్రాయించెను. కుఱ్ఱవాడు పెద్ద టీ వేయలేదు. “పాత ఏమిటమ్మా?” అని కుమారుడు మారువ్రాసెను. దుకాణమంతయు నవ్వినది, ఆమె నవ్వలేదు.

తెలుగు లిపికి 1991లోనే యూనికోడు తొలి కూర్పున 128 గదుల చోటు లభించియుండెను. చోటు లభించుట వేఱు, దుకాణపు తెరపై అక్షరము వెలుగుట వేఱు. నడుమ పదేండ్లు తెలుగు పత్రికలు తలకొక ఫాంటు పెట్టుకొని నడచినవి. ఒకదాని ఫాంటుతో మఱియొకటి తెఱచిన అన్నియు పిచ్చిగీతలే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు ఫాంటు వచ్చినది. గౌతమి యన గోదావరి, కృష్ణాతీరమువారమైనను సంతోషించితిమి. కాని తెలుగు సరిగా కనబడుటకు ఆ విండోస్ సీడీ పెట్టి మఱికొన్ని దస్త్రములు చేర్చుకొనవలెను. ఆ సీడీ మా కేంద్రములలో ఎవరి కడ నున్నది? తెలుగుండవలసినచోట ఖాళీ గళ్లు వరుసగా నిలిచెడివి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. దానికి మూలపురుషుడైన వెన్న నాగార్జునయే, ఆర్.టి.ఎస్. వ్రాతను యూనికోడులోనికి మార్చు పద్మ యను సాధనమును గూడ చేసెను. 2006లో వీవెన్ ‘లేఖిని’ని వెలువరించిరి. దానిలో పైగదిలో ఇంగ్లీషు మీటలు కొట్టిన క్రిందిగదిలో తెలుగక్షర మప్పటికప్పుడు కనబడును. ఇంగ్లీషుతో పనిలేని ఇన్‌స్క్రిప్టు మీటల వరుసను ప్రభుత్వమువారు అంతకు పూర్వమే సిద్ధపఱచియుండిరిగాని, దానిని నేర్పువారు మాకు కనబడలేదు. అచ్చుపనికి పేరుపొందిన తెనాలిలో సీసపు అక్షరములు కూర్చుటయందు ఆరితేరిన చేతులెన్ని యుండినవి! ఆ చేతులకు ఈ మీటలు చూపిన బాగుండెడిది. ఇప్పుడు ‘తెనాలి రామకృష్ణ’ యను పేర నొక యూనికోడు ఫాంటే కలదు.

రేపల్లె గృహిణి లేఖిని వచ్చువఱకు ఆగలేదు. బాపట్లలో ఇంజనీరింగు చదువుచుండిన మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు, ఒక రూళ్ల పుస్తకమున అకారాది క్షకారాంతము వ్రాసి, ప్రతి యక్షరము నెదుట ఇంగ్లీషు అక్షరము గీసి యిచ్చినది. “అత్తయ్యా, పెద్ద టీ అయితే ట, చిన్న టీ అయితే త. తక్కినదంతా నోటితో పలికినట్టే” అని చెప్పినదట. ఆమె నెలరోజులు వంటయింటి గట్టుపై దానిని తిరుగవేసినది. ఆపైని కేంద్రమునకు పోయి, కుఱ్ఱవానిని ప్రక్కకు జరుగుమని, ఒక్కొక్క వ్రేలితో గంటసేపు కూర్చుండి పదునొకండు పంక్తులు వ్రాసినది. ఆ రూళ్ల పుస్తకము ఇప్పటికిని ఆమె కడ నున్నది. టకారమునకు ఎదుట నున్న పెద్ద టీ చుట్టును ఎఱ్ఱసిరాతో రెండు సున్నలు చుట్టియున్నవి.