గ్యాలరీ కట్టిన చేతులే చప్పట్లు కొట్టాయి
(ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు పైకెక్కిన ఏడాది కథ)

శుక్రవారం సాయంత్రం క్యాంపు టీవీ రూములో రిమోట్ కోసం జరిగే గొడవ మనందరికీ తెలిసిందే. మనవాళ్లకు క్రికెట్టో సినిమానో కావాలి. కేరళ సోదరులకు ఫుట్‌బాల్ కావాలి. చాలాసార్లు వాళ్లదే పైచేయి. అలా ఇష్టం లేకుండానే చూసీ చూసీ మనలో కూడా కొందరికి ఆ ఆట ఒంటబట్టింది. అయితే టీవీలో కనిపించేవి ఎప్పుడూ కోట్లు కుమ్మరించే పెద్ద క్లబ్బులే. ఈ వారం చెప్పబోయేది అలాంటి క్లబ్బు గురించి కాదు. స్టేడియం పాడుబడితే బాగుచేయించుకోవడానికి డబ్బు లేక, అభిమానులే హెల్మెట్లు పెట్టుకుని సైటులోకి దిగి కట్టుకున్న ఒక క్లబ్బు గురించి. పొద్దున లేస్తే సైటుకు వెళ్లే మనకు ఈ కథ మిగతావాళ్లకన్నా బాగా అర్థమవుతుంది.

ఆ క్లబ్బు పేరు యూనియన్ బెర్లిన్. ఊరు జర్మనీ రాజధాని బెర్లిన్. కథ జరిగింది 2008-09 సీజన్‌లో.

ఇనుము పని చేసేవాళ్ల జట్టు

యూనియన్ అనగానే కార్మిక సంఘం అనుకోకండి, ఇది ఫుట్‌బాల్ క్లబ్బే. అయితే సంబంధం బొత్తిగా లేదనీ చెప్పలేం. దీని మూలాలు 1906లో బెర్లిన్ ఆగ్నేయాన ఓబర్‌షోనవైడే అనే ఫ్యాక్టరీల పేటలో పుట్టిన ఒక జట్టులో ఉన్నాయి. అక్కడ ఎక్కువమంది లోహపు పని చేసేవాళ్లే. ఫ్యాక్టరీ బట్టల్లాంటి నీలి రంగు దుస్తులతో ఆడేవారు కాబట్టి వాళ్లను ఫిట్టర్ కుర్రాళ్లు అని పిలిచేవారట. ఈనాటికీ అభిమానులు ఒకరినొకరు పలకరించుకునే మాట "ఐసెర్న్". అంటే ఇనుము లాంటివాడు అని.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ రెండు ముక్కలైంది. 1961లో బెర్లిన్ మధ్యన గోడ లేచింది. ఈ పేట తూర్పు వైపు, కమ్యూనిస్టు ప్రభుత్వం కింద ఉండిపోయింది. ఇప్పుడున్న క్లబ్బు 1966 జనవరి 20న ఏర్పడింది. అదే ఊళ్లో డైనమో అనే ఇంకో జట్టు ఉండేది. దాని వెనుక రహస్య పోలీసు శాఖ మంత్రి ఎరిక్ మీల్కే ఉన్నాడు. 1979 నుంచి 1988 దాకా వరుసగా పదిసార్లు డైనమోయే ఛాంపియన్. యూనియన్‌కు దక్కిన పెద్ద గెలుపు 1968లో కార్ల్ జైస్ యేనా జట్టును 2-1తో ఓడించి తెచ్చుకున్న కప్పు ఒక్కటే. అయినా జనం యూనియన్‌నే పట్టుకుని ఉన్నారు. ప్రత్యర్థులు ఫ్రీకిక్‌కు అడ్డంగా గోడలా నిలబడితే, గ్యాలరీలోంచి "గోడ పోవాలి" అని అరిచేవారు. ఏ గోడ గురించి అంటున్నారో అందరికీ తెలుసు. పట్టుకుందామంటే అది ఆట గురించిన మాటే!

1989లో గోడ కూలింది. స్వేచ్ఛ వచ్చింది గానీ క్లబ్బు చేతిలో డబ్బు లేదు. 1993లో ఆటలో గెలిచి పై డివిజన్‌కు అర్హత సంపాదించినా, సమర్పించిన బ్యాంకు గ్యారంటీ కాగితం నకిలీదని తేలి లైసెన్సు రాలేదు. 1997లో దివాలా అంచుకు వస్తే, క్లబ్బును కాపాడమని అభిమానులు ఊరేగింపు తీశారు. 2001లో రెండో డివిజన్‌కు ఎక్కి, ఆ ఏడాదే జర్మన్ కప్ ఫైనల్ దాకా వెళ్లి షాల్కె చేతిలో 0-2తో ఓడిపోయారు. 2004లో మళ్లీ కిందికి, 2005లో ఇంకా కిందికి, నాలుగో డివిజన్‌లోకి పడ్డారు. ఆ 2004లోనే లైసెన్సు కోసం డబ్బు చూపించాల్సి వస్తే, అభిమానులు రక్తదాన కేంద్రాలకు వెళ్లి రక్తం ఇచ్చి, అక్కడ ఇచ్చిన డబ్బు తెచ్చి క్లబ్బు ఖాతాలో వేశారు. రక్తం ధారపోయడం అని మనం మాటవరసకు అంటాం. వాళ్లు నిజంగానే పోశారు.

ప్రమోషన్ అంటే ఏమిటి?

మనకు ప్రమోషన్ అంటే హెల్పర్ మేస్త్రి కావడం, మేస్త్రి ఫోర్‌మాన్ కావడం. అక్కడ క్లబ్బులకూ అలాగే ఉంటుంది. కింది డివిజన్‌లో పైస్థానాల్లో నిలిచిన జట్లు మరుసటి ఏడాది పై డివిజన్‌లో ఆడతాయి. అడుగున మిగిలినవి కిందికి పోతాయి. 2008లో జర్మనీలో దేశమంతటికీ కలిపి కొత్తగా మూడో డివిజన్ మొదలైంది. 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. యూనియన్ అందులోకి వచ్చింది గానీ ఆడటానికి సరైన స్టేడియం లేదు.

వాళ్ల మైదానం కోపెనిక్ దగ్గర అడవి అంచున ఉంటుంది. పేరు "ఆల్టె ఫోర్‌స్టెరై", అంటే పాత ఫారెస్టు ఆఫీసు అని. 1920 నుంచి అక్కడే ఆట. చెట్ల మధ్య బాట వెంట నడిచి మైదానానికి రావడం తాతల నాటి అలవాటు. అయితే మెట్లు పగిలిపోయాయి, పగుళ్లలో గడ్డి మొలిచింది. ఫుట్‌బాల్ సంఘం ప్రత్యేక అనుమతులతో నెట్టుకొస్తోంది. బాగుచేయకపోతే అదీ ఇవ్వనంది. నగర ప్రభుత్వం ఏళ్ల తరబడి మాటలు చెప్పింది కానీ డబ్బు ఇవ్వలేదు. క్లబ్బు అధ్యక్షుడు డిర్క్ జింగ్లర్ స్వయంగా నిర్మాణ సామగ్రి వ్యాపారంలో ఉన్నవాడు. ఇక ఎదురుచూడటం అనవసరం, మనమే కట్టుకుందాం అన్నారు.

పదమూడు నెలల శ్రమదానం

2008 జూన్‌లో పని మొదలైంది. నైపుణ్యం కావలసిన పనులకు వృత్తి నిపుణులున్నారు. మిగతా పనంతా అభిమానులదే. పాత మెట్లు కొట్టేయడం, చెత్త ఎత్తడం, షట్టరింగ్ కొట్టడం, కాంక్రీటు పోయడం, రెయిలింగులు బిగించడం అన్నీ చేశారు. వచ్చినవాళ్లలో తాపీ పని, వెల్డింగ్ తెలిసినవాళ్లున్నారు, ఎన్నడూ పార పట్టని ఆఫీసు ఉద్యోగులూ ఉన్నారు. కొందరు ఏడాది సెలవంతా ఇక్కడే ఖర్చు పెట్టారు. పని లేక ఇంట్లో కూర్చున్నవాళ్లు రోజూ వచ్చారు. రిటైరైన పెద్దవాళ్లు వచ్చారు. మనకు సైటులో ఎండ ఎంత శత్రువో, అక్కడ చలి అంత శత్రువు. నిలబడి చూసే గ్యాలరీల మీద పైకప్పు వేశారు, మంచు కరిగేలా మైదానం కింద వేడి పైపులు కూడా వేశారు. మొదట అనుకున్న గడువు దాటిపోయింది. సైటు అన్నాక అది మామూలే కదా!

మొత్తం 2,300 మందికి పైగా పనిచేశారు. గంటలు 1,40,000. నేను రోజూ టైమ్‌షీట్లు రాసే గుమస్తాను కాబట్టి ఈ అంకె చూడగానే లెక్క వేయకుండా ఉండలేకపోయాను. రోజుకు 8 గంటల డ్యూటీ అనుకుంటే 17,500 రోజులు. నెలకు 26 డ్యూటీలు అనుకుంటే 673 నెలలు. అంటే ఒక్క మనిషే చేస్తే 56 ఏళ్లు! ఇందులో ఒక్క గంటకు కూడా జీతం లేదు.

మైదానం ఒకచోట, మ్యాచ్ ఇంకోచోట

ఇంతకీ జట్టు ఆ ఏడాది ఎక్కడ ఆడింది? సొంత మైదానం సైటుగా మారింది కాబట్టి ఊరి మధ్యలో ఉన్న యాన్ స్పోర్ట్‌పార్క్ అనే స్టేడియంలో ఆడింది. అది ఒకప్పుడు డైనమో కప్పుల మీద కప్పులు గెలిచిన చోటు. పాత అభిమానులకు అక్కడికి వెళ్లాలంటే గిట్టని బంధువుల ఇంటికి పెళ్లికి వెళ్లినట్టే. అయినా వెళ్లారు. ఒక పూట అడవి అంచున కాంక్రీటు మోసి, ఇంకో పూట ఊరి మధ్యకు వచ్చి జెండాలు ఊపారు.

జట్టు వాళ్ల చెమటకు తగ్గట్టే ఆడింది. కోచ్ ఊవె నాయ్‌హౌస్. గోల్‌కీపర్ యాన్ గ్లింకర్, మధ్యన ఆట నడిపించే టోర్‌స్టెన్ మట్టుష్కా, గోల్స్ కొట్టే కరీం బెన్యమీనా. తండ్రి అల్జీరియా వాడైన ఈ కరీం ఆ గ్యాలరీకి ముద్దుబిడ్డ. ఇక్కడ ఒక ఆచారం ఉంది. మైకులో ప్రతి ఆటగాడి పేరు చదవగానే జనమంతా "ఫుట్‌బాల్ దేవుడు" అని జత చేస్తారు. బాగా ఆడేవాడికీ అదే మాట, అంతంతమాత్రం ఆడేవాడికీ అదే మాట. సొంత ఆటగాడిని ఎగతాళి చేయకూడదు, ఆఖరి విజిల్ పడేదాకా కదలకూడదు అనేవి వాళ్ల నియమాలు.

2009 మే 10న రేగెన్స్‌బుర్గ్ జట్టును 2-0తో ఓడించడంతో ప్రమోషన్ ఖాయమైంది. మూడో డివిజన్ మొట్టమొదటి ఛాంపియన్ యూనియన్ బెర్లిన్. కానీ ఆ సీజన్ గురించి అభిమానుల జ్ఞాపకాలు చదివితే, గోల్స్ కన్నా ఎక్కువగా కనిపించేది సైటు. ఏ మెట్టు ఎవరు పోశారు, ఏ రెయిలింగు ఎవరు బిగించారు అన్నదే కబురు. మ్యాచ్ చూడటానికి వచ్చి తాము కట్టిన మెట్టు మీదే నిలబడేవాళ్లు ఉన్నారు.

2009 జూలై 8న కొత్త స్టేడియం తెరిచారు. గోడకు పడమటి వైపు ఉండిన హెర్తా జట్టును మొదటి మ్యాచ్‌కు పిలిచారు. 3-5తో యూనియన్ ఓడిపోయింది. గృహప్రవేశం నాడు అతిథి ఎక్కువ తింటే ఎవరు బాధపడతారు?

పేర్లు ఎక్కడ రాశారు

2011లో క్లబ్బు తన స్టేడియం షేర్లను ఒక్కొక్కటి 500 యూరోలకు సొంత సభ్యులకు అమ్మింది. అంటే కట్టినవాళ్లే యజమానులు కూడా అయ్యారు. స్టేడియం బయట ఒక స్మారకం ఉంది. దాని మీద ఎర్రటి పెద్ద హెల్మెట్ బొమ్మ, పనిచేసిన అభిమానుల పేర్లు ఉంటాయి.

నన్ను ఆపేసింది ఈ సంగతే. మన ఊళ్లో గుడి కడితే చందా ఇచ్చినవాళ్ల పేర్లు రాయి మీద చెక్కుతారు. రాయి మోసినవాళ్ల పేర్లు చెక్కరు. ఇక్కడ మనం కట్టిన టవర్ల ముందు ప్రారంభించినవారి పేరు ఉంటుంది. షట్టరింగ్ కొట్టిన జగిత్యాల తమ్ముడి పేరు నా టైమ్‌షీటులో ఒక నంబరు పక్కన మాత్రమే ఉంటుంది. 2022లో ఖతార్‌లో ప్రపంచ కప్ జరిగిన స్టేడియాల పనిలోనూ మనవాళ్లు ఉన్నారు. టీవీలో వాటిని చూసి "అది మేం కట్టిందే" అని చెప్పుకున్నవాళ్లు క్యాంపుల్లో ఉన్నారు. ఆ మాటను ఎవరూ రాతి మీద రాయలేదు.

ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఈ కథ చూపించి, జీతం లేకుండా పనిచేయడం గొప్ప అని ఎవరైనా అంటే నమ్మకండి. వాళ్లు పనిచేసింది తమ సొంతదాని కోసం, తమ ఇష్టంతో, కావలసినప్పుడు ఇంటికి వెళ్లగలిగే స్వేచ్ఛతో. కంపెనీ మన ఓవర్‌టైమ్ ఎగ్గొడితే అది శ్రమదానం కాదు, దోపిడీ. మీ గంటలు మీరు కూడా ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఇది గుమస్తాగా నేనిచ్చే సలహా.

యూనియన్ 2019 మే 27న స్టుట్‌గార్ట్‌తో జరిగిన మ్యాచ్‌ను 0-0తో ముగించి మొట్టమొదటిసారి జర్మనీ అత్యున్నత డివిజన్‌కు చేరింది. 2023లో నాలుగో స్థానంలో నిలిచి ఛాంపియన్స్ లీగ్ కూడా ఆడింది. 2019 ఆగస్టు 18న పై డివిజన్‌లో మొదటి మ్యాచ్. ఆ రోజు చాలామంది అభిమానులు చేతుల్లో పెద్ద ఫోటోలు పట్టుకుని వచ్చారు. ఈ రోజు చూడకుండానే కన్నుమూసిన తండ్రులు, తల్లులు, స్నేహితుల ఫోటోలు. మొత్తం 455. ఆట మొదలయ్యే ముందు అవన్నీ పైకెత్తారు. మ్యాచ్ 0-4తో పోయింది. కానీ రావలసినవాళ్లంతా వచ్చారు.