జర్మనీలో ప్లాస్టిక్ వ్యర్థాల రసాయనిక పునశ్చక్రీకరణ: తొలి ప్రయత్నాలు, విరమణ (1991–1999)

1. ప్రవేశిక

ప్లాస్టిక్ వ్యర్థాలను కరిగించి మళ్లీ పోత పోయడం యాంత్రిక పునశ్చక్రీకరణ. పలు రకాలు కలిసిపోయి, మురికి అంటిన వ్యర్థాలకు ఈ పద్ధతి అంతగా పనికిరాదు. అటువంటి వాటిలోని పొడవైన అణుశృంఖలాలను వేడితోనో, హైడ్రోజన్ సాయంతోనో తెంచి నూనెగా, వాయువుగా మార్చడం రసాయనిక పునశ్చక్రీకరణ. దీన్ని ఇటీవలి ఆవిష్కరణగా పరిగణించడం పరిపాటి. కాని 1990వ దశకంలోనే జర్మనీ దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించింది. వాటిలో రెండు ముఖ్య ప్రయత్నాలు ఆ దశకం ముగిసేలోగా నిలిచిపోయాయి. అందుకు కారణాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చట్టం కల్పించిన అవసరం

1991లో జర్మన్ ప్రభుత్వం ప్యాకేజింగ్ ఉత్తర్వు జారీచేసి, వాడిన ప్యాకింగును తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారులపైన, వర్తకులపైన మోపింది. ‘ఆకుపచ్చ చుక్క’ గుర్తుకు వారు చెల్లించే రుసుముతో ఇంటింటి సేకరణ సాగింది. సేకరణ పెరిగినంత వేగంగా పునశ్చక్రీకరణ సామర్థ్యం పెరగలేదు. ఈ అంతరమే రసాయన పరిశ్రమకు అవకాశమైంది.

3. రెండు కర్మాగారాలు

రూర్ ప్రాంతంలోని బొట్రోప్‌లో, 1970వ దశకపు చమురు సంక్షోభాల నేపథ్యంలో, బొగ్గును నూనెగా మార్చే కర్మాగారం వెలసింది. ఫ్రీడ్రిష్ బెర్గియుస్ రూపొందించిన అధిక పీడన హైడ్రోజనీకరణ పద్ధతి దానికి మూలం. చమురు చౌకయ్యాక బొగ్గునూనె గిట్టుబాటు కాలేదు. 1990వ దశకంలో అదే కర్మాగారం ప్లాస్టిక్ వ్యర్థాలను స్వీకరించి, 1999లో ఆ పని ముగించింది.

లుడ్విగ్స్‌హాఫెన్‌లో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ 1994లో ఏటా 15,000 టన్నుల సామర్థ్యంతో ప్రయోగాత్మక కర్మాగారం ప్రారంభించింది. 3,00,000 టన్నుల కర్మాగారానికి ప్రణాళిక వేసింది. అయితే దీర్ఘకాలం తగినంత వ్యర్థం అందుతుందని, దాని శుద్ధికి చాలినంత రుసుము లభిస్తుందని హామీ కుదరలేదు. 1996లో ప్రయోగం ఆగిపోయింది.

4. ముగింపు

ఈ రెండు చోట్లా అణుశృంఖలాలు తెగాయి, నూనె వచ్చింది. ఓడిపోయింది రసాయనశాస్త్రం కాదు. చౌకగా దొరికే ముడిచమురుతో పోటీపడవలసిన ఆ నూనె, రుసుము ఆసరా లేనిదే నిలవలేకపోయింది. 1998 నాటి సవరణ ప్లాస్టిక్ ప్యాకింగులో 60 శాతం వినియోగంలోకి తేవాలని, అందులో 60 శాతం యాంత్రిక పద్ధతిలోనే జరగాలని నిర్దేశించి, రసాయనిక పద్ధతిని రెండవ స్థానానికి పరిమితం చేసింది. 2018లో బి.ఎ.ఎస్.ఎఫ్. మళ్లీ ఈ రంగంలో కొత్త పథకం ప్రారంభించింది. కనుక నేటి పథకాలను అంచనా వేసేటప్పుడు యంత్ర సామర్థ్యంతోపాటు వ్యర్థాన్ని ఎవరు సమకూరుస్తారు, ఖర్చును ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలను కూడా ముందుంచుకోవడం అవసరం.