ఉస్మానియా దర్బారులో యూద శరణార్థి: యూసుఫ్ నాసీ

1570లో ఉస్మానియా సేనలు సైప్రస్ ద్వీపంపై దండెత్తినప్పుడు ఐరోపాలో ఒక కథ పుట్టింది. సుల్తాన్ రెండవ సలీం మద్యప్రియుడు. ఆయనకు సైప్రస్ ద్రాక్షసారా రుచి చూపించి, ఆ ద్వీపాన్ని జయించమని పురికొల్పినవాడు యూసుఫ్ నాసీ అనే యూదుడు. సంతోషం పట్టలేక సుల్తాన్ అతనికి సైప్రస్ రాజ్యమే ఇస్తానని మాట ఇచ్చాడు - ఇదీ ఆ కథ. వెనిస్ దౌత్యవేత్తలు దాన్ని వ్యాపింపజేశారు. తర్వాత జర్మన్ భాషలో ఉస్మానియా చరిత్ర రాసిన హామర్ వంటి పండితులు కూడా దాన్ని స్వీకరించారు. దానితో ఒక మహాయుద్ధానికి కారణం ఒక వలసదారుని కుతంత్రంగానూ, ఒక సుల్తాన్ వ్యసనంగానూ కుదించుకుపోయింది.

నాసీ పోర్చుగల్ దేశస్థుడు. సుమారు 1524లో జన్మించాడు. 1492లో స్పెయిన్ తన యూదులను వెళ్ళగొట్టింది. వారిలో అనేకులను సుల్తాన్ రెండవ బాయజీద్ తన రాజ్యంలోకి రానిచ్చాడు. పోర్చుగల్‌కు పారిపోయినవారికి ఆ అదృష్టం లేదు. 1497లో అక్కడ వారందరికీ బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. నాసీ పూర్వీకులు ఇలా పైకి క్రైస్తవులై లోలోపల యూదులుగా బతికినవారు. అందుచేత అతని మొదటి పేరు జువావు మికెస్. అతని మేనత్త గ్రాసియా భర్తది మెండెస్ వర్తక గృహం. మన మలబారు తీరం నుండి పోర్చుగీసు ఓడలు మోసుకుపోయిన మిరియాల వ్యాపారంలో ఆ గృహానికి పెద్ద వాటా ఉండేది. నాసీ తరువాత చేసిన రాజకీయమంతా ఈ మిరియాల సొమ్ము పునాది మీద లేచిందే.

1536లో పోర్చుగల్‌లో మతవిచారణ న్యాయస్థానం ఏర్పడింది. వితంతువైన గ్రాసియా కుటుంబాన్ని వెంటబెట్టుకొని ఆంట్వెర్ప్‌కు, అక్కడి నుండి వెనిస్‌కు, ఫెరారాకు తరలి, చివరకు 1553లో ఇస్తాంబూల్ చేరింది. మేనల్లుడు మరుసటి సంవత్సరం వచ్చాడు. అప్పటికే వెనిస్ ప్రభుత్వం అతనిపై బహిష్కరణ శిక్ష విధించి ఉంది. ఇస్తాంబూల్‌లో అతడు సున్తీ చేయించుకొని, యూసుఫ్ నాసీ అన్న పేరుతో బహిరంగంగా యూదుడయ్యాడు. గ్రాసియా కుమార్తె రెయ్నాను వివాహమాడాడు. అతడు దాచుకోవలసి వచ్చిన మతాన్ని ఒక ముస్లిం రాజధానిలో బాహాటంగా ఆచరించగలిగాడన్న సంగతి గమనించదగ్గది. అయితే దీన్ని కేవలం ఔదార్యంగా చెప్పుకోవడం కూడా సరికాదు. ధనమూ, ఐరోపా భాషలూ, పట్టణ పట్టణానా ప్రతినిధులూ ఉన్న కుటుంబం ఏ ప్రభుత్వానికైనా అవసరమే.

ఆ అవసరం త్వరలోనే రుజువైంది. పోప్ నాల్గవ పాల్ ఆంకోనా రేవులోని పోర్చుగీసు యూదులను నిర్బంధించగా, సుల్తాన్ సులైమాన్ 1556 మార్చిలో తన ప్రజలను విడిచిపెట్టమని లేఖ పంపాడు. ఉస్మానియా ప్రజలుగా గుర్తింపు పొందినవారు బయటపడ్డారు. తక్కినవారిలో ఇరవై మందికి పైగా సజీవ దహనానికి గురయ్యారు. గ్రాసియా, నాసీ ఆ రేవును బహిష్కరించి వర్తకాన్ని పెసారోకు మళ్ళించమని యూద వర్తకులను కోరారు. ఆంకోనాలో మిగిలిన యూదుల గతేమిటని కొందరు రబ్బీలు అడ్డుపడ్డారు. బహిష్కారం నిలవలేదు. ధనవంతుల ఆగ్రహానికి పేదలు మూల్యం చెల్లించవలసి వస్తుందన్న ఆ రబ్బీల భయం నిరాధారమైనది కాదు.

సులైమాన్ కుమారులు సలీం, బాయజీద్ వారసత్వం కోసం తలపడినప్పుడు నాసీ సలీం పక్షం వహించాడు. 1559లో కోన్యా వద్ద బాయజీద్ ఓడిపోయాడు. 1566లో సింహాసనమెక్కిన సలీం ఆ ఏడే నాసీని నక్సోస్ దీవికీ, దాని పరిసర ద్వీపాలకూ ప్రభువును చేశాడు. 1207 నుండి ఇటాలియన్ ప్రభువుల ఏలుబడిలో ఉన్న దీవులవి. నాసీ అక్కడ కాపురం ఉండలేదు. కొరొనెల్లో అనే క్రైస్తవుని తన ప్రతినిధిగా నియమించి, తాను బాస్ఫరస్ ఒడ్డున బెల్వెదేర్ భవనంలోనే ఉండిపోయాడు.

తబరియ్యా సంగతీ ఇటువంటిదే. గ్రాసియా, నాసీ కలిసి ఫలస్తీన్‌లోని ఈ పాడుబడిన పట్టణంపై సులైమాన్ నుండి హక్కులు పొందారు. 1565 నాటికి ప్రాకారం పూర్తయింది. పట్టుపురుగుల కోసం మల్బరీ చెట్లు నాటించారు. బట్టల నేత కోసం ఉన్ని తెప్పించే ఏర్పాటు చేశారు. స్థానిక అరబ్బులు ఈ కట్టడాన్ని వ్యతిరేకించి పని మానివేయగా, దమస్కు పాషా కఠినశిక్షలు విధించి తిరిగి పనిలో పెట్టించినట్లు నాటి యూద చరిత్రకారుడు యోసెఫ్ హకోహెన్ రాశాడు. ఇస్తాంబూల్‌లో సంతకమైన ఫర్మానా తమ ఊరిని ఏం చేయబోతుందోనని కంగారుపడిన ఆ కూలీల మాట ఆ గ్రంథంలో కూడా ఒక వాక్యానికి మించి లేదు. నాసీ తబరియ్యాను కన్నెత్తి చూసిన దాఖలా లేదు.

అతని అసలు బలం వార్తలు. ఐరోపా రాజధానుల్లో జరిగేది ఇతర మంత్రులకంటే ముందు అతనికి తెలిసేది. పోలెండ్ రాజు అతని మనుషులకు వర్తక సదుపాయాలిచ్చాడు. స్పెయిన్‌తో పోరాడుతున్న నెదర్లాండ్స్ నాయకులు అతని సాయం ఆశించారు. ఫ్రాన్స్ రాజు మెండెస్ గృహానికి బాకీపడి, యూదునికి అప్పు తీర్చనవసరం లేదని తప్పించుకోజూశాడు. నాసీ సుల్తాన్ ఆజ్ఞ సంపాదించి, అలెగ్జాండ్రియాలో ఫ్రెంచి ఓడల సరుకును జప్తు చేయించాడు. క్రీట్ దీవి నుండి బాస్ఫరస్ మీదుగా మొల్దావియాకు మద్యం రవాణా చేసే గుత్త కూడా అతనిదే. సైప్రస్ కథ అల్లినవారికి ఈ గుత్త ఎంతగా కలిసివచ్చిందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక సైప్రస్ వ్యవహారం. నాసీకి వెనిస్ మీద కక్ష ఉన్న మాట నిజం. యుద్ధాన్ని అతడు కోరుకున్న మాట కూడా నిజం. కాని అతనొక్కడే కోరుకున్నాడా? ఈజిప్టుకూ ఇస్తాంబూల్‌కూ మధ్య సముద్రమార్గంలో ఆ ద్వీపం అడ్డుగా ఉంది. హజ్ యాత్రికుల ఓడలను కొల్లగొట్టే సముద్రపు దొంగలకు అక్కడి రేవులు ఆశ్రయమిచ్చేవి. సలీం పూర్వ శిక్షకుడు లాలా ముస్తఫా పాషా, నౌకాదళ నాయకుడు పియాలె పాషా యుద్ధానికి ఉవ్విళ్ళూరారు. వజీరె ఆజమ్ సొకొల్లు ముహమ్మద్ పాషా ఒక్కడే వద్దన్నాడు.

వెనిస్‌తో సంధి అమలులో ఉంది. సైప్రస్ కోసం అది ఏటా 8,000 డుకాట్ల కప్పం కట్టేది. సంధిని ఉల్లంఘించవచ్చా అన్న ప్రశ్న షేఖుల్ ఇస్లాం అబుస్సుఊద్ అఫందీ ముందుకు వచ్చింది. పూర్వం ముస్లింల ఏలుబడిలో ఉండిన భూమి గనుక, ముస్లింలకు మేలు ఉన్నంతవరకే సంధి చెల్లుతుందని ఆయన ఫత్వా ఇచ్చారు. సైప్రస్‌కు ముస్లింలతో సంబంధం నిజంగానే పాతది. హజ్రత్ ముఆవియా పంపిన నౌకాదళంతో వెళ్ళిన సహాబియ్యా హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) సమాధి లార్నకా దగ్గర ఉంది. అయితే ఫత్వా తన వాదానికి హుదైబియా సంధినీ, మక్కా విజయాన్నీ ఆధారంగా చూపింది. ఈ పోలిక నిలబడదు. హుదైబియా సంధిని మొదట భంగపరచింది ఖురైషుల మిత్రులైన బనూ బక్ర్ తెగవారు. దాని తరువాతనే మక్కాపై ప్రయాణం జరిగింది. ఆశ్రయమిచ్చిన రేవుల సంగతి ఫిర్యాదుగా చెప్పవచ్చునేగాని, దాన్ని బనూ బక్ర్ దాడితో సమానం చేయడం కష్టం. నిర్ణయం సుల్తాన్‌ది, దివాన్ పెద్దలది. దానికి ధర్మశాస్త్ర సమర్థన కూర్చినది ఆ కాలపు మహాపండితుడు. ఈ బాధ్యతను ఒక యూదుని మద్యం గిన్నెలోకి ఒంపివేయడం వెనిస్‌కు ఎంత అనుకూలమో, సుల్తాన్‌ను నిందించడానికి జంకే ముస్లిం లేఖకులకు కూడా అంతే అనుకూలం.

1570 సెప్టెంబరులో నికోసియా, 1571 ఆగస్టులో ఫమగుస్తా పడిపోయాయి. అక్టోబరు 7న లెపాంటో వద్ద ఉస్మానియా నౌకాదళం ధ్వంసమైంది. అయినా 1573 సంధిలో వెనిస్ సైప్రస్‌ను వదులుకుంది. ద్వీపానికి ఒక పాషాను గవర్నరుగా నియమించారు. రాజ్యం మాట అటుంచి, నాసీకి అక్కడ అధికారమేదీ దక్కలేదు.

1574లో సలీం మరణంతో అతని ప్రాబల్యం ముగిసింది. అతడు ఏనాడూ దివాన్ సభ్యుడు కాడు; ఉన్నదంతా ఒక్క మనిషి అనుగ్రహం. పదవులు ఊడకపోయినా, కొత్త సుల్తాన్ మూడవ మురాద్ అతనితో సంప్రదించవలసిన పని పడలేదు. 1579 ఆగస్టు 2న నాసీ సంతానం లేకుండా మరణించగా, సొకొల్లు సలహాపై ఆస్తి ఖజానా పరమైంది. రెయ్నాకు తన వివాహ ఒడంబడిక ప్రకారం రావలసిన 90,000 డుకాట్లు మాత్రం దక్కాయి. ఆ సొమ్ముతో ఆమె 1592 ప్రాంతంలో బెల్వెదేర్ భవనంలో హీబ్రూ ముద్రణాలయం పెట్టింది. తరువాత దాన్ని కురుచెష్మెకు మార్చి, 1599 వరకు గ్రంథాలు అచ్చువేయించింది.