సాంబ్రాణీ ఓపియమూ

పోయిన చలికాలం ఒక సెమినార్‌లో పత్రం చదివి వేదిక దిగి వస్తుంటే, నేను ఎంతో గౌరవించే ఒక పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వుతూ అడిగారు: "ఏంటమ్మా, సెమినార్‌కొచ్చావా, పెళ్లికొచ్చావా?" స్త్రీ శరీరం మీద ఎన్నో వ్యాసాలు రాసిన మనిషి ఆవిడ. నేను కూడా నవ్వేశాను. బాత్రూమ్‌లోకి వెళ్లి మణికట్లు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. ఆ సెంటు పోలేదు. ఎందుకు కడుక్కున్నాననే ప్రశ్న కూడా పోలేదు.

ఆ సెంటు పేరు ఓపియం, అంటే నల్లమందు. ఈవ్ సాం లోరాన్ సంస్థ 1977లో ఫ్రాన్స్‌లో విడుదల చేసింది. విదేశంలో ఉన్న స్నేహితురాలు తెచ్చిచ్చింది. చల్లుకున్న మొదటి క్షణం కమలా తొక్క వలిచినప్పుడు కళ్లలోకి చిమ్మే ఆ నూనె. వెంటనే లవంగం, మిరియం, ధనియాలు. పావుగంట గడిచాక కమలా జారిపోయి తియ్యగా, జిగురుగా, కొంచెం పొగచూరినట్టుండే వాసన మిగులుతుంది. సెంట్ల పరిభాషలో దాన్ని ఆంబర్ అంటారు. నగల్లో పొదిగే ఆంబర్ రాయికీ దీనికీ పేరులో తప్ప సంబంధం లేదు. లాబ్డనమ్ అనే బంక, వెనిలా, బెంజోయిన్ కలిపి తయారుచేసే వాసన ఇది.

ఈ బెంజోయిన్ మనం సాంబ్రాణి అని కొనుక్కునేదే. సుమత్రా, సయాం అడవుల్లో చెట్టుకి గాటు పెడితే కారే బంక. అరబ్బు వర్తకులు దాన్ని 'లుబాన్ జావీ', జావా ధూపం అన్నారు. ఆ మాటే యూరప్ నోళ్లలో నలిగి బెంజోయిన్ అయింది. నా ముక్కుకి ఇంకోటి కూడా తడుతుంది. మా ఇంట్లో సున్నిపిండిలో ఎండబెట్టిన కమలా తొక్కలు, కచ్చూరాలు వేసి ఆడించేవాళ్లు. పారిస్ సీసా మూత తీస్తే నాకు తలంటు రోజు గుర్తొస్తుంది.

తలంటు అంటే అమ్మమ్మ. కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన బుట్ట బోర్లించి, మా జుట్టు దానిమీద పరిచేది. బాలింతలకీ, పసిపిల్లలకీ ధూపం వెయ్యాలంటే వీధిలో అందరూ ఆవిడనే పిలిచేవాళ్లు. ఇరవయ్యారేళ్లకి భర్త పోయిన మనిషి. పేరంటాల్లో ఆవిడకి గంధం రాయరు, పువ్వులివ్వరు. అన్ని తలలకీ ధూపం వేసే మనిషి తన జుట్టు మాత్రం తడి తడిగానే ముడేసుకునేది. "నువ్వూ పెట్టుకో అమ్మమ్మా" అంటే "నాకెందుకే" అనేది, నిప్పులు కదుపుతూ. ఎందుకో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. సువాసన మన దగ్గర వస్తువు కాదు, అనుమతి. ముత్తైదువకి ఉంది, విధవకి లేదు. వేశ్యకి ఎంతైనా ఉంది. కానీ అది ఆవిడ వృత్తికి గుర్తుగా ఉంది. సాహిత్యంలో చూడండి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి, కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి కర్పూరం, కస్తూరి లాంటివి సముద్రాల అవతలనుంచి తెప్పించిన వర్తకుడు. తెచ్చినవాడి పేరుంది, ఖర్చుపెట్టిన రాజు పేరుంది. నూరినవాళ్ల పేర్లు లేవు. మన అష్టవిధ నాయికల్లో వాసకసజ్జిక అలంకరించుకునేది కూడా వచ్చేవాడి కోసమే.

పారిస్‌లో కథ మరీ అంత వేరు కాదు. 1925 నాటి షాలిమార్ మొగలు తోట పేరు పెట్టుకుంది. ఈ జాతి సెంట్లన్నిటికీ 'ఓరియంటల్' అని కులం పేరు. మసాలా, బంక, మత్తు ఉంటే చాలు, అది తూర్పు, అది ఆడది. ఓపియం దాన్ని ఇంకా దూరం లాక్కుపోయింది. పేరు చైనాని గుర్తుచేసేది. సీసా జపాన్ వాళ్లు మందులు పెట్టి నడుముకి వేలాడదీసుకునే ఇన్రో పెట్టె నమూనా. 1978లో న్యూయార్క్ రేవులో పెకింగ్ అనే ఓడ మీద విడుదల సంబరం. అక్కడ కంచు బుద్ధుడు. చైనీస్ అమెరికన్లు పేరు మార్చమని, క్షమాపణ చెప్పమని నిరసన తెలిపారు. పేరు మారలేదు, అమ్మకాలు తగ్గలేదు. ఎడ్వర్డ్ సయీద్ 'ఓరియంటలిజం' వచ్చింది కూడా అదే 1978లో. మేం క్లాసుల్లో ఆ పుస్తకాన్ని పద్యాలకీ నవలలకీ అన్వయించి చూపిస్తాం. సెంటు సీసా దాకా ఎప్పుడూ తీసుకురాలేదు.

ఆ పేరు వెనక మన నేల కూడా ఉంది. చైనా మీదికి ఈస్టిండియా కంపెనీ వదిలిన నల్లమందు బీహార్, బెనారస్ ప్రాంతాల రైతులు పండించిందే. పట్నాలో, గాజీపూర్‌లో ఉండలు కట్టి, కలకత్తాలో వేలం వేశారు. 1839లో మొదటి నల్లమందు యుద్ధం. గాజీపూర్ పన్నీటికి కూడా పేరున్న ఊరు. ఒకే ఊరి పొలాల్లో గులాబీలూ గసగసాలూ. ఇది తెలిశాక ఆ ఎర్ర సీసాని బల్ల మీద అందంగా పెట్టుకోలేకపోయాను. సొరుగులో పెట్టాను. అంత మాత్రాన పారేశానా అంటే, లేదు.

ఎందుకంటే ఈ ఘాటు వాసనలకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1953లో ఎస్టీ లాడర్ యూత్ డ్యూ అనే స్నానపు నూనె అమ్మింది. కమలా, లవంగం, ఆంబర్, అన్నీ ఉన్నాయి. అప్పటిదాకా అమెరికాలో సెంటు అంటే పుట్టినరోజుకో పెళ్లిరోజుకో భర్త తెచ్చే బహుమతి. స్నానపు నూనె అయితే ఆడవాళ్లు ఎవరినీ అడగకుండా సొంతంగా కొనుక్కోవచ్చని ఆవిడ లెక్క. వ్యాపారమే, కాదనను. కానీ ఆ చిన్న సందులోంచి ఎంతమంది బయటికొచ్చారో!

2021లో మైకేల్ ఎడ్వర్డ్స్ తన సెంట్ల వర్గీకరణలో 'ఓరియంటల్' తీసేసి 'ఆంబర్' అని పెట్టాడు. మంచిదే. పేరు మార్చినంత తేలిగ్గా వాసన మారదు. సీసాలో ఉన్నది మాత్రం పలచబడిందని నాకు అనిపిస్తుంది. ఒక పాత స్నేహితురాలి అల్మారాలో ఎనభైల నాటి ఓపియం అడుగంటిన చుక్కలు వాసన చూశాను. లవంగం గొంతులోకి దిగింది. 2009లో కొత్త రూపం తొడిగాక వచ్చినది, నా దగ్గరున్నది, మర్యాద నేర్చుకున్నట్టుంటుంది. మర్యాద నేర్చుకున్నదానికే నాకు పెళ్లి మాట పడింది మరి. ఘాటు అనే మాట మన రాతలకి కూడా వాడతారు కదా, "ఘాటుగా రాస్తుంది" అని. మెచ్చుకుంటూ ఒక అడుగు వెనక్కి జరుగుతారు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు చల్లుకుంటుంటే అమ్మ గుమ్మంలో ఆగింది. నాన్న పోయి మూడేళ్లు. పౌడర్ కూడా మానేసింది, ఎవరూ మానమనకుండానే. "అమ్మ కుంపటి వాసనొస్తోందే" అని దగ్గరికొచ్చింది. పేరేమిటో చెప్పలేదు నేను. చెయ్యి చాపింది. ఒకసారి నొక్కాను. మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత రెండో చెయ్యి కూడా చాపింది.